ఆరేళ్లుగా కార్డు మీద డయాలసిస్: మా నాయన సంగతి

మా నాయనకు కిడ్నీలు పోయి ఆరేళ్లు దాటింది. మాది కనిగిరి దగ్గర పల్లె. మా వైపు నీళ్లలో ఫ్లోరైడు ఉంది కాబట్టి అందరూ దాన్నే తిట్టారు కానీ, నాయనకు కొంప ముంచింది షుగరేనని డాక్టరు తేల్చాడు. అప్పటినుంచి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు రక్తం కడిగించుకోవాల్సిందే.

ఇదంతా ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు మీదే నడుస్తోంది. ఆ పథకం 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీగా మొదలైంది. తర్వాత ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. మా అమ్మకు మాత్రం అది ఎప్పుడూ 'కార్డు'. కార్డు సంచిలో ఉందా లేదా, అంతే.

డబ్బు విషయంలో నాకు ఫిర్యాదు లేదు. చేతికి ఫిస్టులా ఆపరేషను (డయాలసిస్ సూదులు వేయడానికి చేతిలో రెండు రక్తనాళాలు కలపడం) దగ్గర్నుంచి నిన్నటి డయాలసిస్ దాకా బిల్లు కట్టమని ఎవరూ అడగలేదు. సొంతంగా పెట్టుకోవాల్సి వస్తే మొదటి ఏడాదికే చేను పోయేది. నెలకు 10,000 పింఛను కూడా వస్తుంది. అందులో సగం దారి ఖర్చులకే పోతుంది.

అసలు కష్టం ఆ దారిదే. మొదటి రెండేళ్లు ఒంగోలు తీసుకెళ్లాను. పోను ఎనభై కిలోమీటర్లు, రాను ఎనభై. చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీల వెనక బస్సు ఇరుక్కుంటే నాకు టెన్షన్, ఆలస్యమైతే మన బెడ్ వేరేవాళ్లకు ఇచ్చేస్తారేమోనని. తిరుగు ప్రయాణంలో బీపీ పడిపోయి, పొదిలి బస్టాండులో అరుగు మీద పడుకోబెట్టిన రోజులున్నాయి. తర్వాత దగ్గర్లోనే ఒక సెంటర్లో చోటు దొరికింది. అప్పటికి నా ఉద్యోగం పోయిందనుకోండి.

రెండోది, కార్డు మనిషి ఈయనేనని చూపే వేలిముద్ర. జన్మంతా పొగాకు కోసి, ఆకు కాల్చే బ్యారన్‌లో కర్రలెత్తిన చేతులు ఆయనవి. గీతలు అరిగిపోయాయి. మిషన్ మీద వేలు పెట్టడం, తుడవడం, మళ్లీ పెట్టడం. ఒక ఆస్పత్రిలో "ముద్ర పడకపోతే మేమేం చేస్తాం" అని మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. ఆయన ఊపిరి ఆడక ఆయాసపడుతున్నాడు. అక్కడ కార్డు రోగులకు సాయం చేసే ఆరోగ్యమిత్ర అమ్మాయి భోజనం మానుకుని కంటి స్కానర్ తెప్పించబట్టి గండం గడిచింది. ప్రభుత్వం నుంచి బకాయిలు రాలేదని ప్రైవేటు ఆస్పత్రులు సేవలు ఆపుతామన్నప్పుడల్లా మా ఇంట్లో ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు రెండు మాటలు. ఫిస్టులా ఉన్న చేతికి బీపీ పట్టీ చుట్టనివ్వొద్దు, సూది వేయనివ్వొద్దు, నర్సు విసుక్కున్నా సరే. రోజూ ఆ చోట వేలు పెట్టి చూడండి, లోపల తేనెటీగ తిరిగినట్టు అదురుతుండాలి. అదురు ఆగితే తెల్లారేదాకా చూడకుండా వెంటనే బయల్దేరాలి. ఇక నీళ్లు. కిడ్నీలు పనిచేయవు కాబట్టి కొలిచే తాగాలి. అమ్మ అరలీటరు సీసాకు పెన్నుతో గీతలు పెట్టి కొలిచి ఇస్తుంది. ఎండాకాలం ఆయన ఆ గీతల గురించి చిన్నపిల్లాడిలా బేరమాడతాడు.

మాది రెండో షిఫ్టు, ఇల్లు చేరేసరికి రాత్రవుతుంది. ఉదయం షిఫ్టులోకి మార్చమని ఒకసారి అడిగాను. "బెడ్ ఖాళీ అయితే చెప్తాం అన్నా" అన్నాడు టెక్నీషియన్. అక్కడ బెడ్ ఎలా ఖాళీ అవుతుందో అర్థమయ్యాక మళ్లీ అడగలేదు.