సీటీసీలో ఎడిటింగ్ సిస్టమ్: కెమెరా సంగతి మీరే తేల్చుకుని వెళ్లండి

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అదే మనమంతా సీటీసీ అనేది, పార్టులు కొనడానికి ఇప్పటికీ మంచి చోటే. వీడియో ఎడిటింగ్‌కి ఏ పార్టు కావాలో అడిగి తెలుసుకోవడానికి మాత్రం కాదు. మా బావమరిది పెళ్లి వీడియోలు చేస్తాడు, ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్ మీదే ఎలాగో లాక్కొచ్చాడు, ఇప్పుడు మొదటిసారి సొంతంగా సిస్టమ్ బిగించుకుంటానంటే లిస్టు నేను రాశాను, ఇద్దరం కలిసి వెళ్లి కొన్నాం.

ఏ షాపులో అడిగినా మొదటి మాట "బడ్జెట్ ఎంత అన్నా?" అనే. లక్షకి కాస్త అటూ ఇటూ అనగానే కాగితం మీద ఐ5-14400ఎఫ్ ప్రాసెసర్, బీ760 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల ఫ్యాన్లున్న గాజు క్యాబినెట్. ఇది గేమింగ్ కొటేషన్. గేములకి తప్పేం లేదు, ఒకదానికొకటి చక్కగా పడతాయి, సిస్టమ్ ఆన్ అవుతుంది. కానీ ఏ కెమెరాతో తీస్తారు, ఏ సాఫ్ట్‌వేర్‌లో కట్ చేస్తారు అని మేం తిరిగిన షాపుల్లో ఒక్కరూ అడగలేదు. ఎడిటింగ్‌కి కంపాటిబిలిటీ, అంటే ఒకదానికొకటి సరిపోవడం, అక్కడే మొదలవుతుంది, ప్రాసెసర్ కూర్చునే సాకెట్ దగ్గర కాదు.

మావాడిది సోనీ ఏ7ఫోర్ కెమెరా. కలర్ గ్రేడింగ్‌లో చేతికి పట్టు ఉంటుందని 10 బిట్ 4:2:2లో, అంటే రంగుల సమాచారం ఎక్కువగా దాచే ఫార్మాట్‌లో తీస్తాడు. ఇలాంటి ఫైలు టైమ్‌లైన్ మీద ఆగకుండా నడవాలంటే ప్రాసెసర్‌కి బలం ఉంటే చాలదు, ఆ ఫార్మాట్‌ని విప్పే ప్రత్యేకమైన సర్క్యూట్ చిప్‌లో ఉండాలి. ఇంటెల్‌లో అది ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్‌తో పాటు వస్తుంది, క్విక్ సింక్ అంటారు, 11వ తరం నుంచి హెచ్‌ఈవీసీ (వీడియోని కుదించే ఒక పద్ధతి) 10 బిట్ 4:2:2ని కూడా విప్పుతుంది. మోడల్ నంబర్ చివర ఎఫ్ ఉంటే ఆ గ్రాఫిక్స్ లేనట్టే, దాంతో క్విక్ సింక్ కూడా లేనట్టే. షాపతను "కార్డు పెడుతున్నాం కదా అన్నా, లోపలిది దేనికి, పైసలు వేస్టు" అన్నాడు. గేములాడేవాళ్లకి ఆ సలహా నిజమే. కానీ అతను రాసిన 4060కి 4:2:2 విప్పడం రాదు, ఎన్విడియాలో అది 50 సిరీస్‌తోనే వచ్చింది. అంటే ఆ కొటేషన్‌లో ఈ ఫైళ్లని హార్డ్‌వేర్‌లో విప్పగలిగే పార్టు ఒక్కటీ లేదు. అంత డబ్బు పోసి మళ్లీ ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్ కోసం తేలికపాటి నకళ్లు, చేసుకుంటూ కూర్చోవాలి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. అదే సోనీలో ఎక్స్‌ఏవీసీ ఎస్ పెట్టి తీస్తే ఫైలు హెచ్.264 అనే ఇంకో కుదింపు పద్ధతిలో, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ పెడితే హెచ్‌ఈవీసీలో ఉంటుంది. ఈ 14వ తరం ప్రాసెసర్లలో క్విక్ సింక్ రెండోదాని 4:2:2కే పనికొస్తుంది, మొదటిదాని 4:2:2కి కాదు. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ రెండింటినీ విప్పుతుంది. అందుకే 5060 టీఐ, అదీ 16 జీబీ రకం రాసుకెళ్లాం. ఇదే పేరుతో 8 జీబీది కూడా ఉంది, బిల్లు మీద ఎంత అని చూసుకోండి, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ రిడక్షన్ లాంటివి వేస్తే కార్డు మెమరీ చకచకా నిండిపోతుంది. 50 సిరీస్ కార్డు ఉంటే ఎఫ్ ప్రాసెసర్‌తో కూడా బండి నడుస్తుంది, కాదనను. అయినా నేను ఎఫ్ లేని ఐ5-14500 తీసుకోమన్నాను. కార్డు వారంటీకి వెళ్లినన్నాళ్లు తెర మీద బొమ్మ రావాలి కదా, పైగా 14400లో వీడియో ఇంజిన్ ఒకటైతే 14500లో రెండు. ఐ5-14600కే నుంచి పైవాటికి 2024లో బయటపడ్డ వోల్టేజీ గొడవ, ఎక్కువ వోల్టేజీతో చిప్పులు దెబ్బతినడం, మీకు గుర్తుండే ఉంటుంది, వాటికి ఇంటెల్ వారంటీ రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. 14500 ఆ జాబితాలో లేదు, అది కూడా మనసులో పెట్టుకునే ఎంచాను.

మీ కెమెరా 8 బిట్ 4:2:0 (రంగుల సమాచారం తక్కువుండే మామూలు ఫార్మాట్) మాత్రమే తీస్తుంటే ఈ టెన్షన్ ఏదీ మీకు లేదు, షాపువాళ్ల కొటేషన్‌లో ర్యామ్ పెంచుకుంటే చాలావరకు సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ముందే తేల్చుకోండి: విండోస్‌లో ఉచిత డావిన్చీ రిజాల్వ్‌కి ఈ 10 బిట్ 4:2:2 ఫైళ్లు ఎక్కవు, స్టూడియో అనే డబ్బు కట్టే వెర్షన్ కొనాలి, ఒకసారి కడితే అయిపోతుంది, 295 డాలర్లు. బడ్జెట్‌లో అది కలపని లిస్టు సగం లిస్టే.

బోర్డు దగ్గర జాగ్రత్త. బీ760 అనే పేరుతోనే డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండూ అమ్ముతారు, పెట్టె మీద డీ4 అని చిన్నగా ఉంటుంది, ఒకదాని ర్యామ్ ఇంకోదాంట్లో దూరదు. పాత బీ660 స్టాకు చవగ్గా ఇస్తామంటే బయోస్ (బోర్డుని ఆన్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఇస్తారా అని అడగండి, లేకపోతే 14వ తరం ప్రాసెసర్‌తో ఆన్ కాకపోవచ్చు. ర్యామ్ 16 జీబీవి రెండు కలిసిన కిట్ తీసుకున్నాం. నాలుగు స్లాట్లూ నింపితే డీడీఆర్5 స్పీడు తగ్గిపోతుంది, కాబట్టి రేపు ఇంకో జత వేసుకోవచ్చులే అనే లెక్క పెద్దగా పనిచేయదు. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశాం, ఈ రోజు చెప్పిన రేటు రేపుంటుందని ఎవరూ మాటివ్వరు, ఆ విషయంలో షాపువాళ్లని తప్పుపట్టలేం.

సాకెట్, కార్డు పొడవు, వాట్ల లాంటివి సరిపోతాయో లేదో చూసుకోవడానికి పీసీపార్ట్‌పికర్ సైటు చాలు, అందులో ఇండియా కూడా ఉంది. కూలర్ కింద ర్యామ్ తగులుతుందా లాంటివి తాను చూడనని ఆ సైటే చెబుతుంది. కెమెరా ఫైళ్ల గురించి అది ఎలాగూ చూడదు.

ఇక మేం కొన్న షాపు. రేటు బాగా ఇచ్చాడు, పెట్టెలన్నీ సీలుతో ఉన్నాయి. కానీ లిస్టులో మోడల్‌తో సహా రాసిన 650 వాట్ల గోల్డ్ రేటింగ్ ఎస్‌ఎంపీఎస్ (పవర్ సప్లై) బదులు బిల్లు కొట్టేటప్పుడు ఎప్పుడూ పేరు వినని కంపెనీది పెట్టాడు. అడిగితే "సేమ్ వాట్సే అన్నా, ఏం ఫరక్ పడదు" అన్నాడు. పట్టుబడితే అసలుది లోపలినుంచే వచ్చింది, అదే నాకు నచ్చనిది. జీఎస్టీ బిల్లు లేకుండా అయితే తగ్గిస్తానని కూడా అన్నాడు. 18 శాతం అంటే చిన్న మొత్తం కాదు, ఆశ పుడుతుంది, కానీ రేపు వారంటీకి వెళ్తే సీరియల్ నంబరున్న బిల్లే అడుగుతారు. ఒప్పుకోకండి.

మెచ్చుకోవాల్సింది కూడా ఉంది. బిగించుకునేది ఇంట్లోనే అని చెప్పినా విసుక్కోకుండా, కౌంటర్ మీదే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ పెట్టి బయోస్ దాకా వచ్చేది చూపించాడు అక్కడి కుర్రాడు. గ్రాఫిక్ కార్డు పెట్టె తెరవకుండానే డిస్‌ప్లే వచ్చింది, ఎఫ్ లేని ప్రాసెసర్ కాబట్టే. ర్యామ్ రెండో, నాలుగో స్లాట్లలో పెట్టాలని, ఇంటికెళ్లాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే సెట్టింగ్) ఆన్ చేసుకోమని వాడే గుర్తుచేశాడు. ఆ కుర్రాడి కోసమైతే అయిదుకి నాలుగు ఇస్తా, బిల్లు కౌంటర్ వల్ల మూడుకి దిగింది.

టెస్టింగ్ కావాలంటే షాపులు తెరిచిన వేళకే వెళ్లండి, సాయంత్రం రద్దీలో ఎవరికీ ఓపిక ఉండదు. పార్కింగ్ కష్టమే, ప్యారడైజ్ మెట్రోలో దిగి నడవండి. వచ్చేటప్పుడు మాత్రం క్యాబినెట్ పెట్టె మోసుకుని మెట్రో మెట్లెక్కే సాహసం చేయకండి, ఆటో మాట్లాడుకోండి.