రథయాత్రలో జుట్టు నూనె కొనేముందు ఇది చదవండి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం వైపు ఉన్న మనవాళ్ళకి ఈ పోస్టు. జాతరల్లో "జుట్టు కోర్సు" అని సీసాలు అమ్మే బల్ల కనిపిస్తే పర్సు తీయకండి. నేను తీశాను, 2,400 రూపాయలు పోయాయి.

మార్చి నెలాఖరులో నాకూ మా వదినకూ టైఫాయిడ్ వచ్చింది. తగ్గింది, మరిచిపోయాం. జూన్‌లో ఇద్దరికీ జుట్టు ఊడడం మొదలు. దువ్వెన నిండా, తలగడ నిండా, ఆఖరికి అన్నంలో కూడా. ఆ దిగులుతోనే రథయాత్రకి వెళ్ళాను.

బల్ల దగ్గరాయన మన యాసలో మాట్లాడాడు. అదే నా కొంప ముంచింది. నా జడలోంచి ఊరికే ఊడొచ్చిన వెంట్రుకని ఫోనుకి తగిలించిన భూతద్దంలో పెట్టి, చివరన తెల్లటి ఉండ చూపించాడు. "వేరుతో సహా వచ్చీసింది సూడండమ్మా! ఇంకో మూడు నెల్లు ఊరుకుంటే బోడిగుండే." మూడు సీసాలు, నెలకొకటి. మొదటి నెల ఎక్కువే ఊడుతుంది, పాతది పోతేనే కొత్తది వస్తుంది అన్నాడు.

అన్నీ అతను చెప్పినట్టే జరిగాయి. దసరాకి ఊడడం ఆగి, నుదుటి దగ్గర పిలకలు మొలిచాయి. ఆనందం పట్టలేక మరో ఇద్దరిచేత కొనిపించాను కూడా (ఒకావిడ ఇప్పుడు నాతో మాట్లాడడం లేదు). అప్పుడు చూశాను మా వదిన నుదురు. ఆవిడ కొబ్బరినూనె తప్ప ఏదీ ముట్టలేదు. ఆవిడకీ అవే పిలకలు!

నాకు అదనంగా దక్కింది నెత్తంతా దురద, పొక్కులు. బరంపురంలో చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తే గుట్టు తెలిసింది. తల మీద ఉండే సుమారు లక్ష వెంట్రుకల్లో ఒక్కోటి 2 నుంచి 6 ఏళ్ళు పెరిగి, తర్వాత దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే. గట్టి జ్వరమో కాన్పో ఆపరేషనో అయితే పెరుగుతున్నవి చాలా ఒక్కసారే విశ్రాంతిలోకి పోతాయి. అందుకే మార్చి జ్వరానికి జూన్‌లో ఊడింది. ఇలా ఊడేది చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుందట. ఆ తెల్ల ఉండ వేరు కాదు, విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుకకి గట్టిపడిన కొస. కుదురు చర్మంలోనే భద్రంగా ఉంటుంది, కొత్తది మొలిచేది అక్కడే. నెలకి రెండంగుళాలు పెరుగుతుందని ఆ బల్ల ఆయన చెప్పింది కూడా కోతే. తల వెంట్రుక పెరిగేది నెలకి సుమారు ఒక సెంటీమీటరు.

అంటే అతను అమ్మింది నూనె కాదు, మూడు నెలల గడువు. పేనుకొరుకుడులా గుండ్రంగా పోయినా, నడినెత్తి పలచబడుతున్నా అది వేరే సంగతి, డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

సీసా మీద తయారీదారు చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు. బట్టతల నయం చేస్తానని మందు అమ్మడం 1945 నాటి మందుల నిబంధనల్లోని షెడ్యూల్ జె ప్రకారం కుదరదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెబుదామంటే నా దగ్గర బిల్లు లేదు, అతనిచ్చిన ఫోను మోగదు. మీరైనా బిల్లు అడగండి, ఇవ్వనంటే అక్కణ్ణించి కదలండి.

ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల, వెనకాల మోకాళ్ళ దాకా జడ ఉన్న అమ్మాయి ఫ్లెక్సీ. కార్తీకంలో మళ్ళీ వస్తాడంటున్నారు. ఎక్కడ కనిపించినా ఊరి పేరు కింద రాయండి.