జబ్బకు అంటించుకునే గ్లూకోజ్ సెన్సార్: 14 రోజుల తరువాత

గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.1 శాతం (మధుమేహానికి ముందు దశ) వచ్చిన తరువాత, డాక్టరు గారి సలహాపై రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్దదైన ఈ సెన్సార్‌ను జబ్బ వెనుక అంటించుకున్నాను. ఇది కొలిచేది రక్తంలోని చక్కెరను కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోని గ్లూకోజ్‌ను; అందువల్ల అంకె వేగంగా మారేటప్పుడు వేలికి గుచ్చి చూసే మీటరు కన్నా కొన్ని నిమిషాలు వెనుకబడుతుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే చక్కెర పడిపోయిందని అర్ధరాత్రి అనవసరంగా మోగుతుంది కూడా.

దీని విలువ ఆరవ రోజున తెలిసింది. ముందు రాత్రి తిన్న అన్నం, పప్పు, బెండకాయ వేపుడే అంతే తిని, ఈసారి మేడ మీద ఇరవై నిమిషాలు నడిచాను. ముందు రాత్రి 182 (మి.గ్రా./డె.లీ.)కు చేరిన అంకె ఈసారి 147 దగ్గరే ఆగింది. ఇన్సులిన్ కణం మీదున్న తన గ్రాహకానికి అతుక్కొని సంకేతం పంపినప్పుడు గ్లూట్4 అనే వాహక ప్రోటీన్లు కండర కణపు పొర వద్దకు చేరి గ్లూకోజ్‌ను లోనికి పంపుతాయి. కండరం పనిచేస్తున్నప్పుడు ఏఎంపీకే (కణంలో శక్తి తగ్గితే మేలుకొనే ఎంజైమ్) వంటి వేరే సంకేత మార్గాలు ఇన్సులిన్‌తో నిమిత్తం లేకుండానే ఆ వాహకాలను కదిలించగలవు.

పదో రోజు జ్వరంలో మజ్జిగ మాత్రమే తాగినా సెన్సార్ చూపే గీత 150 కిందికి దిగలేదు. ఇన్ఫెక్షన్ వేళ రోగనిరోధక కణాలు వెలువరించే టీఎన్ఎఫ్-ఆల్ఫా వంటి సైటోకైన్లు (కణాల మధ్య కబురు మోసే ప్రోటీన్లు) ఇన్సులిన్ సంకేతాన్ని మధ్యలోనే మందగింపజేస్తాయి. పొట్టలో పేరుకున్న కొవ్వు రేపే సన్నపాటి వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఇదే పనిని ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా చేస్తుంది.

చెమటకు పన్నెండో రోజున అంచు లేచింది, ప్లాస్టరుతో నెట్టుకొచ్చాను. ధర ఎక్కువే కనుక నెలనెలా కొనను. ఆహారం మార్చుకున్నప్పుడు మాత్రం మళ్లీ ఒకటి పెట్టుకుంటాను.