టక్‌టక్‌మనే కారుకు గ్రీజా, జాయింటా, మొత్తం షాఫ్టా: ఏది మేలు?

వానాకాలం వెళ్లి దాళ్వా నారుమళ్లు మొదలయ్యే వేళకు కోనసీమ నుంచీ, భీమవరం, పాలకొల్లు ప్రాంతాల నుంచీ పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఏటా ఒకటే. ఏక్సిలరేటర్ తొక్కగానే ముందు చక్రం దగ్గర టక్‌టక్‌మని చప్పుడు వస్తోందనీ, ఒక మెకానిక్ గ్రీజు మారిస్తే చాలంటే మరొకరు షాఫ్టు (గేరుబాక్సు నుంచి చక్రానికి ఇంజను బలాన్ని చేరవేసే ఉక్కు కడ్డీ) మొత్తం మార్చాలంటున్నారనీ, ఏది చేయించుకోవాలో చెప్పమనీ అడుగుతుంటారు. మొన్న కార్తీకంలో నా కారుకూ ఇదే అవసరం పడింది కనుక, నేను ఏది ఎంచుకున్నానో, ఎందుకు ఎంచుకున్నానో వివరంగా రాస్తున్నాను.

చప్పుడు ఎక్కడిదో తేల్చుకోకుండా ఏదీ మార్పించకూడదు. సంత లేని రోజున సంత మైదానం వంటి ఖాళీ స్థలంలో స్టీరింగును ఒకవైపు పూర్తిగా తిప్పి, మొదటి గేరులో నెమ్మదిగా ఏక్సిలరేటర్ ఇస్తూ రెండు చుట్లు తిరగాలి. ముందు చక్రాలతో నడిచే కారులో చప్పుడు మలుపులో పెరిగి, తిన్నగా వెళ్లేటప్పుడు తగ్గితే, దాదాపుగా అది చక్రం వైపు ఉండే సీవీ జాయింటుదే, అంటే షాఫ్టు చివర కీలులా మడిగే భాగానిదే. ఎడమకు తిరిగినప్పుడు ఎక్కువైతే సాధారణంగా కుడి జాయింటును, కుడికి తిరిగినప్పుడైతే ఎడమదాన్ని అనుమానించాలి. తిన్నగా పోతూ బలంగా తొక్కినప్పుడు కారు వణికితే గేరుబాక్సు వైపు ఉన్న లోపలి జాయింటును చూడాలి. ఏక్సిలరేటర్ వదిలేసినా చక్రం వేగాన్ని బట్టి టిక్కుమంటూనే ఉంటే టైరు గాడిలో కంకర రాయి ఇరుక్కుని ఉండవచ్చు. చక్రం బోల్టులు వదులైనా అలాగే వినిపిస్తుంది కనుక అన్నిటికంటే ముందు పానా వేసి వాటిని చూసుకోవాలి. బండి కదలకుండా నిలబెట్టి రేజ్ చేసినప్పుడు కూడా చప్పుడు వస్తే అది ఇంజనుదో సైలెన్సర్ గొట్టానిదో అవుతుంది. దాని సంగతి వేరు.

ఇక గ్రీజు మాట. బూటు (జాయింటును కప్పి, గ్రీజును లోపల పట్టి ఉంచే రబ్బరు తొడుగు), గ్రీజు మార్చడం అన్నిటికంటే చవకైన పని, అందుకే ఎక్కువమంది దానికే మొగ్గుతారు. అయితే నా దృష్టిలో ఈ నిర్ణయమంతా ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంది: బూటు చిరిగాక లోపలికి ఏం చేరింది, ఎన్నాళ్లుగా చేరుతోంది అన్నదే. జాయింటులో సాధారణంగా ఆరు ఉక్కు బంతులు ఉంటాయి. అవి నున్నటి గాడులలో కదులుతూ, చక్రం ఏ కోణంలో తిరిగినా ఇంజను బలాన్ని ఒకే వేగంతో అందిస్తాయి. మన పుంతరోడ్ల ఒండ్రుబురద, రొయ్యల చెరువుల గట్ల మీది ఉప్పునీరు, చేపల లోడు లారీలు దారి పొడవునా కార్చుకుంటూ పోయే నీరు ఆ గాడులలోకి చేరితే మట్టి సానరాయిలా అరగదీస్తుంది, ఉప్పు తుప్పు పట్టిస్తుంది. నా కారు కుడి చక్రం విప్పించినప్పుడు రబ్బరు బూటు రెండో మడతలో రెండంగుళాల చీలిక ఉంది. రిమ్ము లోపలి అంచంతా నల్లగా గ్రీజు చిమ్మి ఉంది. మిగిలిన గ్రీజును వేళ్ల మధ్య రాసి చూస్తే గరగరలాడింది. డీజిలుతో కడిగాక ఒక గాడిలో గోరు తట్టుకునేంత గుంట కనబడింది. “గ్రీజు పెట్టి చూద్దామండీ, కొన్నాళ్లు లాగుతుంది” అన్నారు మెకానిక్. గ్రీజు ఆ గుంటను పూడ్చలేదని చెప్పి నేను ఒప్పుకోలేదు.

మిగిలింది జాయింటా, మొత్తం షాఫ్టా అన్న ప్రశ్న. రెంటికీ న్యాయం ఉంది. లోపలి జాయింటు కూడా వదులై ఉన్నా, జాయింటులో ఇమిడే షాఫ్టు చివరి పళ్లు అరిగినా, ఆ మోడలుకు బయటి జాయింటు విడిగా దొరక్కపోయినా మొత్తం షాఫ్టు వేయించుకోవడమే సబబు. లోపలి జాయింటు బాగున్నప్పుడు మాత్రం నేను బయటి జాయింటు కిట్టుకే ఓటు వేస్తాను. చాలా కార్లలో షాఫ్టును గేరుబాక్సు నుంచి లాగకుండానే ఆ పని పూర్తవుతుంది కాబట్టి గేరు ఆయిలు కారిపోదు, ఆయిల్ సీలు చెదరదు. పైగా ఊరూపేరూ లేని చవక షాఫ్టు బిగించుకుంటే, చప్పుడు పోయి దాని స్థానంలో వణుకు వచ్చిన సందర్భాలు నేను చూశాను. కిట్టు కొనేటప్పుడు షాఫ్టు పళ్ల సంఖ్యను పాతదానితో సరిపోల్చాలి. జాయింటు మీద ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పళ్ల చక్రం ఉంటే దాని పళ్లనూ లెక్కపెట్టాలి, తేడా వస్తే డాష్‌బోర్డులో ఏబీఎస్ లైటు వెలుగుతుంది.

స్క్రాపులో తెచ్చిన పాత షాఫ్టును, వేరే దారి లేని పాత మోడలుకైతే తప్ప, నేను సిఫారసు చేయను.

బిగింపులో రెండు విషయాల దగ్గర నిలబడి చూసుకోవాలి. చక్రం నడిమధ్యన షాఫ్టును బిగించే హబ్ నట్టును పాతదే తిరిగి వాడకుండా కొత్తది వేయించి, కంపెనీ చెప్పిన టార్కుకు, అంటే బిగువుకు, దాన్ని కొలిచే టార్క్ రెంచితోనే బిగింపించాలి. ఆ బిగువు మీదే చక్రం బేరింగు ఆయుష్షు కూడా ఆధారపడి ఉంటుంది. బూటు క్లిప్పుల బదులు ఇనుప తీగ చుట్టడానికి ఒప్పుకోకూడదు.

నా కారుకు కుడివైపు కొత్త జాయింటు పడింది. ఎడమవైపు బూటు మడతల్లో సన్నని బీటలు ఉన్నా లోపలి గ్రీజు శుభ్రంగా, మెత్తగా ఉంది, మలుపులో చప్పుడూ లేదు; అందువల్ల అక్కడ బూటు, గ్రీజు మాత్రమే మార్పించాను.