నిట్టనిలువుగా లేచే తేజస్: హారియర్ దారా, ఎఫ్-35బి దారా?

మన తేజస్ యుద్ధవిమానం ఫొటోను ఎడిట్ చేసి, నిట్టనిలువుగా పైకి లేచే ఊహా విమానంగా మార్చాలని నా కోరిక. నిట్టనిలువుగా లేచే బ్రిటిష్ యుద్ధవిమానం హారియర్ పద్ధతి తేలిక: పక్కలకు నాలుగు నాజిళ్లు (ఇంజను గాలి బయటికి చిమ్మే గొట్టాలు) అతికించి, కిందికి తిప్పితే చాలు. కానీ వాటి మధ్య హారియర్‌లోని పెగాసస్ లాంటి లావుపాటి ఇంజను ఇమడాలి. తేజస్ సన్నని నడుము ఉబ్బిపోతుంది. అది నాకు నచ్చదు.

అలాగే లేచే అమెరికా యుద్ధవిమానం ఎఫ్-35బిలో ఇంజను వెనుకే ఉంటుంది. పైలట్ వెనుక ఉండి గాలిని కిందికి నెట్టే ఫ్యాన్‌ను ఇంజను నుంచి వచ్చే షాఫ్టు (ఇరుసు) తిప్పుతుంది, తోక నాజిల్ కిందికి వంగుతుంది. నా ఓటు దీనికే. అయితే తెరిచిన ఫ్యాన్ మూత, లోపలి చీకటి, అంచున సన్నని మెరుపు దిద్దడానికే ఒక సాయంత్రం పట్టింది. మూత మీది ఎండ, రెక్క మీది ఎండ ఒకే దిక్కు నుంచి పడాలి. లేకపోతే అతుకు ఇట్టే బయటపడుతుంది.