రోష్‌ఫోర్ 10, వెస్ట్‌వ్లెటెరెన్ 12, అబ్ట్ 12: ఏది మేలు?

నేను బెల్జియంలోని లూవెన్‌లో ఉంటానని తెలిసిన మనవాళ్లు సెలవులకు ఇండియా వెళ్లే ముందు అడిగేది ఒకటే. "అన్నా, ఆ మఠాల నల్ల బీర్లలో ఏది తీసుకెళ్లాలి?" కస్టమ్స్ వాళ్లు ఒప్పుకునేది రెండు లీటర్లు. 33 సెంటీలీటర్ల సీసాలు ఆరైతే 1.98 లీటర్లు, ఏడోదానికి చోటు లేదు. అందుకే ఇంత తర్జనభర్జన. పోయిన నెల మా బావ హన్మకొండ నుంచి వచ్చినప్పుడు ఈ లెక్క తేల్చేద్దామని మూడు రకాలూ తెచ్చి ఒకే సాయంత్రం ముందు పెట్టుకున్నాం.

మొదటి తప్పు బావదే. నేను బజారుకు వెళ్లి వచ్చేలోపు ఒక రోష్‌ఫోర్ సీసాను ఫ్రీజర్‌లో పెట్టి, మంచులా చల్లబడ్డాక తీసి రెండు గుక్కలు తాగాడు. "ఇదేంది బావా, దగ్గు మందు లెక్క ఉన్నది" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు. మన దగ్గర బీరంటే చేతికి చల్లగా తగలాలి, గబగబా దిగాలి. ఈ బీర్లను అలా తాగితే వాసనలన్నీ ముడుచుకుపోయి తీపి, ఘాటు మాత్రమే మిగులుతాయి. 12 నుంచి 14 డిగ్రీలు వీటికి సరైన చల్లదనం. నేను ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచుతాను. సీసా అడుగున ఈస్టు మడ్డి ఉంటుంది కాబట్టి తెచ్చిన రోజే తెరవకుండా ఒక రోజు నిలువుగా ఉంచి, మెల్లగా వంచి, చివరి వేలెడు సీసాలోనే వదిలేయాలి. గ్లాసు కాడ ఉన్నది, మూతి వెడల్పుగా ఉన్నది అయితే వాసన ముక్కుకు అందుతుంది.

ఇక పోటీదార్లు. వెస్ట్‌వ్లెటెరెన్ 12, ఫ్రెంచ్ సరిహద్దుకు దగ్గర్లో సింట్ సిక్స్టస్ మఠంలో కాచేది, 10.2 శాతం. చాలాకాలం సీసాకు లేబుల్ ఉండేది కాదు, పసుపు మూత చూసే గుర్తుపట్టేవాళ్లు. సెయింట్ బెర్నార్డస్ అబ్ట్ 12, దానికి పది పదిహేను కిలోమీటర్లలో ఉన్న వాటూ ఊరిది, 10 శాతం. రోష్‌ఫోర్ 10 ఆ రెండింటికీ చాలా దూరం, ఆర్డెన్ కొండల వైపు నామూర్ ప్రాంతంలోని సాన్ రెమీ మఠానిది, నీలం మూత, 11.3 శాతం. ఈ 10, 12 అంకెలు శాతాలు కావు. పాతకాలం బెల్జియన్ గాఢత కొలత నుంచి వచ్చి పేర్లలో మిగిలిపోయాయి. 12 అని రాసుంది కాబట్టి 10 కంటే స్ట్రాంగ్ అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

వెస్ట్‌వ్లెటెరెన్ చుట్టూ ఉన్న హడావుడి గురించి చెప్పకపోతే ఈ పోలిక అర్థం కాదు. సన్యాసులు మఠం నడవడానికి ఎంత కావాలో అంతే కాస్తారు. చాలాకాలం ముందే బుక్ చేసుకుని, కారు నంబరు ఇచ్చి, మఠం గేటు దగ్గర తెచ్చుకోవాల్సి వచ్చేది. మళ్లీ అమ్ముకోవద్దని కూడా చెబుతారు. మఠం మరమ్మతుల డబ్బు కోసం 2012లో అమెరికాలో పెట్టెలుగా అమ్మితే జనం క్యూ కట్టారు. దొరకనిదానికి రుచి ఎక్కువ. ప్రపంచంలోనే గొప్ప బీరు అని రేటింగులు ఇచ్చినవాళ్లలో ఎంతమంది పేరు తెలియకుండా తాగారో!

పైగా అబ్ట్ 12 దానికి చుట్టమే. 1946లో ఆ మఠంవాళ్లు తమ బీరును కాచి అమ్ముకునే లైసెన్సు వాటూలోని ఒక జున్ను తయారీదారుకు ఇచ్చారు. మఠంలో బీరు కాచిన మనిషే అక్కడికి వెళ్లి పద్ధతి నేర్పాడు. 1992లో ఆ ఒప్పందం ముగిసింది. ట్రాపిస్ట్ (ఈ మఠాల సన్యాసుల క్రైస్తవ శాఖ) పేరు మఠం గోడల మధ్య కాచిన బీరుకే చెల్లుతుంది కాబట్టి వాటూవాళ్లు సొంత పేరుతో కొనసాగారు. సింట్ సిక్స్టస్‌లో ఇప్పుడు వెస్ట్‌మాల్ మఠం ఈస్టు వాడుతున్నారు, వాటూలో మాత్రం పాత ఈస్టునే కాపాడుకుంటూ వచ్చామంటారు. అంటే పుట్టినిల్లు ఒకచోట, పోలికలు ఇంకోచోట. ఇది తెలిశాక ఆరు కోణాల ట్రాపిస్ట్ ముద్ర చూసి రుచి నిర్ణయించడం మానేశాను. ఆ ముద్ర చెప్పేది ఎక్కడ కాచారు, ఎవరి పర్యవేక్షణలో కాచారు, డబ్బు ఎటు పోతుంది అనే. నాలుకకు ఏమీ చెప్పదు.

మా ఆవిడ వంటింట్లో పోసి, గ్లాసుల కింద చీటీలు పెట్టి తెచ్చింది. మూడూ ముదురు గోధుమ రంగే, మూడింటికీ గట్టి నురగే. కళ్లతో చెప్పడం కష్టం.

వాసనలో తేడా మొదలైంది. ఒకదాంట్లో మగ్గిన అరటిపండు, ఎండుద్రాక్ష, కొంచెం లవంగం. ఈ అరటి, లవంగం ఎవరూ వేసినవి కావు, ఈస్టు పుట్టించినవి. రెండోదాంట్లో తాటిబెల్లం కాగుతున్నప్పటి వాసన, వెనక కాల్చిన రొట్టె. మూడోదాంట్లో ఎండు ఖర్జూరం, కోకో, మిరియాల ఘాటు. ఈ మూడోది పోల్చుకోవడం తేలికైంది, రోష్‌ఫోర్‌లో ధనియాలు వేస్తారు. సాంబారు పొడి వాసన అనను గానీ, ధనియాలు నూరే ఇంట్లో పెరిగిన ముక్కుకు ఆ జాడ దొరుకుతుంది. మొదటి రెండింటి విషయంలో బోల్తా పడ్డాను. అబ్ట్‌ను వెస్ట్‌వ్లెటెరెన్ అనీ, వెస్ట్‌వ్లెటెరెన్‌ను అబ్ట్ అనీ ధీమాగా చెప్పాను. మా ఆవిడ చీటీలు తిప్పి చూపించి ఇంకా నవ్వుతూనే ఉంది.

నా దృష్టిలో వాసన, మొదటి గుక్క తీర్పు చెప్పవు. ఇంత స్ట్రాంగ్ బీరును తేల్చేది గ్లాసులో చివరి మూడో వంతు. అప్పటికి ముప్పావుగంట అయి ఉంటుంది, బీరు గది వేడికి వచ్చి ఉంటుంది, గ్యాస్ తగ్గి ఉంటుంది. లోపాలు దాచే చల్లదనం, నురగ రెండూ ఉండవు. చాలా స్ట్రాంగ్ బీర్లు ఇక్కడే దొరికిపోతాయి. తీపి పెదాలకు అంటుకుంటుంది, స్పిరిట్ ముక్కుకు కొడుతుంది, ఇంకో గుక్క వద్దనిపిస్తుంది.

బెల్జియంవాళ్లు దీనికి పెట్టిన ఉపాయం చక్కెర. బలం మొత్తం మాల్ట్‌తోనే, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీతోనే తెస్తే బీరు పాకంలా చిక్కబడుతుంది. చక్కెర వేస్తే ఈస్టు దాన్ని దాదాపు పూర్తిగా తినేస్తుంది, ఆల్కహాల్ పెరుగుతుంది, ఒళ్లు పలచబడుతుంది. ముదరబెట్టిన నల్ల చక్కెరైతే రంగూ, ఎండుపళ్ల రుచీ అదనం. వినడానికి విడ్డూరమే, తీపి తగ్గడానికి చక్కెర వేయడం. సీసాలో మళ్లీ పులిసి పుట్టే గ్యాస్ కూడా నాలుకను కడుగుతూ ఉంటుంది.

ఈ పరీక్షలో అబ్ట్ కాస్త వెనకపడింది. మొదట్లో మూడింటిలో అందరికీ నచ్చింది అదే, మెత్తగా, పళ్ల రుచితో. బావ కూడా దానికే ఓటేశాడు. వేడెక్కాక మాత్రం తీపి పైకి తేలింది. బాగాలేదని కాదు, బొబ్బట్టు తిన్నాక ఇంకోటి వడ్డించినట్టు ఉంటుంది. వెస్ట్‌వ్లెటెరెన్ చివర్లో మెరుగుపడింది. తీపి తగ్గి, రొట్టె పైపెచ్చు రుచి, సన్నటి చేదు మిగిలాయి, చాలాసేపు నిలిచాయి. రోష్‌ఫోర్ మాత్రం పూర్తిగా వేరే బీరైపోయింది. మొదట్లో మొరటుగా ఉన్న ఆల్కహాల్ వెచ్చదనంగా మారింది, కోకో ముందుకొచ్చింది, మింగిన తర్వాత గొంతు పొడిగా, శుభ్రంగా ఉంది. ఇంత గాఢమైన బీరు అంత శుభ్రంగా దిగడం చూసి ప్రతిసారీ ఆశ్చర్యపోతాను. నా మొగ్గు దానివైపే.

ఒక హెచ్చరిక. శుభ్రంగా దిగుతుందని మోసపోవద్దు. ఆ చిన్న రోష్‌ఫోర్ సీసాలో 37 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంది. 5 శాతం బీరు 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో ఉండేది 32.5. రెండో సీసా సగంలో బావ రాజకీయాలు మాట్లాడటం ఆపేశాడు. అది చాలు గుర్తు.

మిగతావాటి గురించి కూడా అడుగుతుంటారు. షిమే నీలం లేబుల్, 9 శాతం, ఎక్కడైనా దొరుకుతుంది, నమ్మకమైనది, కానీ ఈ ముగ్గురి సరసన పలచన. వెస్ట్‌మాల్ ట్రిపెల్ 9.5 శాతం, అద్భుతం, అయితే అది బంగారు రంగు బీరు. దాన్ని వీటితో పోల్చడం మల్లెపూలను మామిడిపళ్లతో పోల్చడమే. మఠం పేరు లైసెన్సుకు తీసుకుని పెద్ద కంపెనీలు చేసే అబ్బే బీర్ల కోసం సూట్‌కేసులో చోటు వృథా చేయకండి.

కొనేటప్పుడు తేదీ కన్నా ఎక్కడ పెట్టారో చూడండి. ఒకసారి ఒక కొట్టులో ఎండ పడే అద్దాల వెనక అలంకరణకు పెట్టిన రోష్‌ఫోర్ కొని ఇంటికి తెచ్చుకుంటే తడిసిన అట్టపెట్టె వాసన వచ్చింది. చీకట్లో, చల్లగా ఉంచితే ఇదే బీరు ఏళ్లపాటు బాగుపడుతుంది. నేనైతే కనీసం ఏడాది ఆగుతాను.

బావ సూట్‌కేసులో చివరికి నాలుగు రోష్‌ఫోర్, ఆయన మాట కాదనలేక రెండు అబ్ట్ పెట్టాను, ఒక్కోదాన్ని ఒక్కో లుంగీలో చుట్టి. వెస్ట్‌వ్లెటెరెన్ పంపలేదు. అది మఠం ఎదురుగా ఉన్న ఇన్ డె వ్రేడె కాఫీహౌస్‌లో, జున్ను ముక్క పక్కన పెట్టుకుని తాగేది. మళ్లీ వస్తే తీసుకెళ్తానన్నాను.