కలువ దుంపలు బాగున్నాయి, ఆ గుర్రపు డెక్క టబ్బు ఒక్కటి తీసేయండన్నా

నల్లగొండలో ఒక నర్సరీ గురించి రాస్తున్నా, పేరు రాయను, ఎందుకో చదివితే తెలుస్తుంది. పోయిన జూన్‌లో అక్కడ ఆరు కలువ దుంపలు, రెండు తామర దుంపలు కొన్నాను. మా చెలకలో చిన్న కుంట ఉంది, ఎండాకాలం వస్తే నీళ్లు పచ్చగా చిక్కబడి వాసన కొడతాయి. పత్తికి వేసిన యూరియా, డీఏపీ వానకు కొట్టుకొచ్చి చేరేది అందులోనే, పశువులు దిగేదీ అందులోనే, ఆ బలానికే నాచు పెరుగుతుంది.

నర్సరీ అన్న ముందు అడిగింది నీళ్లెంత లోతు, ఎండ ఎన్ని గంటలు పడుతుంది అని. ఖరీదైన హైబ్రిడ్ అంటగట్టకుండా మన చెరువుల్లో పెరిగే తెల్ల కలువే ఇచ్చాడు. దుంపను వట్టి బంకమట్టిలోనే పెట్టమన్నాడు, పశువుల ఎరువు కలిపితే అది మళ్లీ నీళ్లలోకే దిగుతుందట. పైన ఇసుక పరిచి, మొదట జానెడు నీళ్లలో ఉంచి, ఆకులు పైకొచ్చే కొద్దీ లోతుకు జరపమన్నాడు. "ఫ్లోరైడ్ కూడా పోతుందా అన్నా?" అంటే "అది నమ్ముకోవద్దు సార్, తాగే నీళ్లకు ఇవి పనికిరావు" అన్నాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టారు, ఇక్కడివాళ్లకు ఆ ఆశ చూపితే ఇంకో నాలుగు మొక్కలు అమ్ముడుపోయేవి. అమ్మలేదు.

ఒక తామర దుంప కుళ్లింది, మిగతావన్నీ బతికాయి. దసరాకి సగం కుంట ఆకులతో నిండింది, నీడపడ్డ చోట పచ్చదనం బాగా తగ్గింది. పూర్తిగా తేటపడలేదు. చేనువైపు గట్టున తుంగ పీకకుండా వదిలేశాం, దానివల్ల కూడా కొంత తగ్గి ఉండొచ్చు. పండిన ఆకులు మాత్రం తీసి గట్టు మీద వేయాలి, నీళ్లలోనే కుళ్లితే అవి పీల్చుకున్నదంతా తిరిగి నీళ్లకే చేరుతుంది.

బాధేసింది గుర్రపు డెక్క చూసి. షాపు ముందే టబ్బులో పూలతో పెట్టి, నీళ్లు శుభ్రం చేసే మొక్క అని అమ్ముతున్నారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అది, అదను దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది, చెరువంతా కమ్మేస్తే కింద వెలుతురు, గాలి ఆడక చేపలు చస్తాయి, దోమలు పెరుగుతాయి. ఎవరో విసుగొచ్చి మోరీలో పడేసిన ఒక్క పిలక చాలు. ఉదయసముద్రం లాంటి పెద్ద రిజర్వాయరు ఉన్న ఊళ్లో ఇది అమ్మడమేంటి?

అడిగితే "జనమే కావాలంటున్నారు సార్" అన్నాడు. అడిగినవాళ్లకు కలువ చూపించన్నా అన్నాను, సరేనన్నాడు. పోయిన నెల వెళ్తే టబ్బు అక్కడే ఉంది. మళ్లీ చెప్పి వచ్చాను.